ఈ ఏటి కారా? వచ్చే ఏటి మోడలా?

సర్వస్తోత్రాలకు అర్హుడు సకల లోకాల ప్రభువైన అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లం)పై, వారి కుటుంబీకులపై, ప్రియ సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియమైన సోదర సోదరీమణులారా! కువైట్, ఖతర్‌లలో ఐదారేళ్ళు చెమటోడ్చి తిరిగివచ్చిన కోనసీమ యువకులు కావచ్చు, చేపల చెరువుల్లో నాలుగు డబ్బులు కళ్ళజూసిన భీమవరం వారు కావచ్చు, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ పండుగకు ఊరొచ్చే రాజమండ్రి కుర్రవాళ్ళు కావచ్చు, ఈ మధ్య ఉలమాలను అడుగుతున్న ప్రశ్నల్లో ఇదొకటి: "మౌలానా! స్పోర్ట్స్ కారు కొనాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. డబ్బు చేతికొచ్చింది. వచ్చే ఏడాది కొత్త మోడల్ వస్తుందంటున్నారు. ఇప్పుడే తీసుకోనా, అందాకా ఆగనా?"

పెద్దలు కొందరు ఈ ప్రశ్న వినగానే కసురుకుంటారు. "కారు సంగతి షోరూంలో అడుగు, మస్జిదులో కాదు" అంటారు. ఇది సరైన పద్ధతి కాదు. మనిషి సంపాదన ఎలా వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని ప్రళయదినాన రెండు ప్రశ్నలు విడివిడిగా అడగబడతాయని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఇరవై లక్షలు ఖర్చు పెట్టే ముందు ఒక యువకుడు ధర్మాన్ని సంప్రదించాడంటే, అది సంతోషించవలసిన విషయం. కనుక అతని ప్రశ్నకు జవాబు వెదకుదాం.

వేగం నిషిద్ధమా?

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మంచి వాహనం కోరుకోవడం పాపం కాదు. స్వారీ జంతువులను ప్రయాణం కోసమే గాక శోభ కోసం కూడా సృష్టించినట్లు, మానవులకు ఇంకా తెలియని వాటిని సైతం సృష్టించనున్నట్లు అల్లాహ్ నహ్ల్ సూరాలో తెలిపాడు. మనిషి సౌభాగ్యానికి చిహ్నాలుగా ప్రవక్త (సల్లం) పేర్కొన్న వాటిలో గుణవతి అయిన భార్య, విశాలమైన ఇల్లు, మంచి పొరుగువారితో పాటు సుఖవంతమైన వాహనం కూడా ఉంది.

వేగం కూడా స్వతహాగా తప్పు కాదు. ప్రవక్త (సల్లం) స్వయంగా మదీనాలో గుర్రపు పందేలు జరిపించారు. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు, అంటే సుమారు ఐదారు మైళ్ళు. తర్ఫీదు లేని వాటికి అక్కడి నుంచి బనీ జురైఖ్ మస్జిదు వరకు. ఆ పందెంలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) పాల్గొన్నారని బుఖారీ గ్రంథంలో ఉంది. ఒక రాత్రి మదీనాలో పెద్ద శబ్దం వినబడి జనం హడలిపోతే, అందరికంటే ముందు ప్రవక్త (సల్లం)యే హజ్రత్ అబూ తల్హా (రజి) గారి గుర్రాన్ని జీను లేకుండానే ఎక్కి వెళ్ళి చూసి వచ్చారు. భయపడనక్కర లేదని జనానికి ధైర్యం చెప్పారు. మందకొడిదని పేరుపడ్డ ఆ గుర్రం పరుగును సముద్రంతో పోల్చి మెచ్చుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ వేగం ఇతరుల భయాన్ని పోగొట్టడానికి ఉపయోగపడింది. మన వేగం ఇతరులకు భయం పుట్టిస్తున్నదా, భయం పోగొడుతున్నదా? అరఫాత్ నుంచి తిరిగివచ్చేటప్పుడు వెనుక ఒంటెలను అదిలిస్తున్న గోల విని, పుణ్యం పరుగులు తీయించడంలో లేదనీ, నెమ్మదిగా రావాలనీ ప్రవక్త (సల్లం) కొరడాతో సైగ చేశారు. అది హజ్ ప్రయాణం. అంతటి ఆరాధనలో సైతం తోటివారికి ఇబ్బంది కలిగించే తొందర కూడదన్నప్పుడు, కాలువ గట్టు రోడ్డు సంగతి చెప్పాలా? గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటిపోతుంది. ఒక పక్క కాలువ, ఒక పక్క వరిచేను. ఎదురుగా గడ్డి వేసుకొస్తున్న ట్రాక్టరు, దాని వెనుక బడి నుంచి సైకిలు మీద వస్తున్న పిల్లవాడు. అక్కడ ఆ ఒక్క సెకనుకు ఎంత విలువో తల్లిదండ్రులకు తెలుసు. పైగా స్పోర్ట్స్ కారు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. మన లంక ఊళ్ళ దారులకు, వీధి వీధికీ ఉన్న స్పీడ్ బ్రేకర్లకు అది తగునా అన్నది కూడా ముందే ఆలోచించుకోవలసిన మాట.

గుర్రాలు మూడు రకాలు

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఈ అంశానికి మూలస్తంభం వంటిది. గుర్రం ఒకరికి పుణ్యం, ఒకరికి రక్షణ, ఒకరికి భారం అవుతుందని అందులో ఉంది. దైవమార్గం కోసం పెంచినవానికి అది మేసిన గడ్డి, తాగిన నీరు కూడా పుణ్యంగా వ్రాయబడతాయి. ఇతరుల ముందు చేయి చాపకుండా గౌరవంగా బ్రతకడానికి పెంచి, దానిపై ఉన్న అల్లాహ్ హక్కును మరవనివానికి అది రక్షణ. గొప్పలకు, ప్రదర్శనకు పెంచినవానికి అదే పాపభారం. మరి గాడిదల మాటేమిటని సహచరులు అడిగితే, వాటి గురించి ప్రత్యేకంగా ఆజ్ఞ ఏదీ అవతరించలేదని చెబుతూ, రవ్వంత మంచి చేసినా రవ్వంత చెడు చేసినా మనిషి దాన్ని చూసుకుంటాడని తెలిపే జిల్‌జాల్ సూరాలోని సమగ్ర వాక్యాన్ని ప్రవక్త (సల్లం) గుర్తు చేశారు.

సోదరులారా! మన కార్లకూ ఇదే తూకం. ఒకే షోరూంలో, ఒకే రోజు, ఒకే రంగు కారు ముగ్గురు కొనవచ్చు. ఒకరి కారు అర్ధరాత్రి పురిటినొప్పులు పడుతున్న పొరుగింటి ఆడబిడ్డను కాకినాడ ఆసుపత్రికి చేరుస్తుంది. ఒకరి కారు తల్లిదండ్రులను బస్సుల్లో నిలబడే బాధ తప్పిస్తుంది. మూడోవారి కారు పెళ్ళి పందిరి ముందు హారన్ మోగిస్తూ మూడుసార్లు తిరుగుతుంది. ఇనుము ఒకటే, సంకల్పం వేరు. రెండే సీట్లున్న కారు కొనేవాడు, ఇంట్లో ఆరుగురు ఉన్నప్పుడు, ఆ మిగిలిన నలుగురి గురించి ఒకసారి తనను తాను ప్రశ్నించుకోవాలి.

అజ్‌బా వెనుకబడిన రోజు

ఇక "వచ్చే ఏటి మోడల్" విషయానికి వద్దాం. ప్రవక్త (సల్లం) వారికి అజ్‌బా అనే ఆడ ఒంటె ఉండేది. దాన్ని మించి పరుగెత్తే ఒంటె లేదు. ఒకనాడు ఒక పల్లెవాసి తన పడుచు ఒంటెపై వచ్చి దాన్ని ఓడించాడు. ముస్లింలకు అది చాలా కష్టమనిపించింది. వారి ముఖాలు చూసి ప్రవక్త (సల్లం) ఒక నియమం బోధించారు. ఈ లోకంలో ఏది పైకెక్కినా దాన్ని అల్లాహ్ దించకుండా వదలడు. ఇది హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం, బుఖారీలో ఉంది.

అల్లాహు అక్బర్! సృష్టిలో శ్రేష్ఠులైన వారి ఒంటెకే తప్పని ఓటమి మన కారుకు తప్పుతుందా? ఈ ఏటి కారును వచ్చే ఏటి మోడల్ మించుతుంది. దాన్ని ఆ పై ఏటిది మించుతుంది. "అన్నింటికంటే కొత్తది" కోసం ఆగేవాడు ఎప్పటికీ కొనలేడు. "అన్నింటికంటే ముందు నాకే" అని ఉరికేవాడు పన్నెండు నెలలకే పాతబడతాడు. ఇద్దరి జబ్బూ ఒకటే. బంగారంతో నిండిన ఒక లోయ ఉంటే ఆదం సంతానం రెండో లోయ కోరుకుంటుందనీ, దాని కడుపును మట్టి తప్ప మరేదీ నింపలేదనీ ప్రవక్త (సల్లం) తెలిపిన జబ్బు అదే. కనుక కారు అవసరమా కాదా, ఏ పనికి, ఎంతలో అన్నవే మనం తేల్చుకోవలసిన ప్రశ్నలు. కొత్తదా పాతదా అన్నది వాటి తర్వాత వచ్చే మాట.

ఆగితే మేలా, కొంటే మేలా?

అలాగని లెక్క చూసుకోకూడదని ఇస్లాం చెప్పలేదు. ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త (సల్లం) బోధ. మన డెల్టా రైతును చూడండి. కాలువ వదలకముందే నారు పోయడు, వదిలాక చూస్తూ కూర్చోడు. దేనికైనా అదను ఉంటుంది.

ఆగడం మేలైన సందర్భాలు ఉన్నాయి. 2025 ఆగస్టు 15న ప్రధానమంత్రి జి.ఎస్.టి. తగ్గింపు గురించి ప్రకటించారు. సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై పన్ను 18 శాతానికి దిగింది. ఆ నెల రోజులు ఓపిక పట్టినవారికి వేల రూపాయలు మిగిలాయి. తొందరపడనివారు నష్టపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 వాహనాలే అమ్మాలన్న నిబంధన వచ్చాక, కొత్త ఇంజన్ల ఖర్చు కొనేవారి మీదనే పడింది. ఇక 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బి.ఎస్.-3 వాహనాల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుంచి నిలిపివేయగా, చివరి రెండు రోజుల్లో భారీ తగ్గింపులు చూసి జనం షోరూంల మీద పడ్డారు. వారిలో అవసరం ఉండి కొన్నవారు లాభపడ్డారు. అవసరం లేకుండా చవక అని కొన్నవారు డబ్బు పోగొట్టుకున్నట్లే. అవసరం లేనిది సగం ధరకు కొన్నా పూర్తి దుబారాయే.

మరో సంగతి. డిసెంబరులో తయారైన కారు జనవరి రాగానే "పోయినేటి బండి" అవుతుంది. అందుకే సంవత్సరాంతంలో ధర తగ్గిస్తారు. రెండు మూడేళ్ళలో అమ్మేసే ఆలోచన ఉన్నవారికి తయారీ సంవత్సరం ముఖ్యం. పదేళ్ళు వాడుకునేవారికి ఆ తగ్గింపు లాభమే. బీమా లెక్కలో కారు విలువ ఏడాది దాటితే 20 శాతం, నాలుగేళ్ళు దాటితే 50 శాతం తగ్గించి కడతారు. అంటే ఇరవై లక్షల కారు ఐదో ఏడు నాటికి పది లక్షల వస్తువు. ఈ కరిగిపోయే మంచుగడ్డ మీద ఎంత పెట్టవచ్చో బుద్ధిమంతుడు ఆలోచించుకోవాలి.

ఆగిన డబ్బు మీద హక్కులు

"సరే మౌలానా, ఏడాది ఆగుతాను" అన్న తమ్ముడు తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. కారు ఆగుతుంది గానీ, డబ్బు మీది హక్కులు ఆగవు.

సొంత వాడకానికి కొన్న కారుపై జకాత్ లేదు. కానీ కారు కోసం దాచిన డబ్బుపై ఉంది. నిసాబు గలవాని జకాత్ తేదీ ఈ మధ్యలో వస్తే, ఆ రోజున ఖాతాలో ఉన్న ఇరవై లక్షలపై రెండున్నర శాతం, అంటే 50,000 రూపాయలు పేదల హక్కు. "అది కారు డబ్బు కదా" అనడం చెల్లదు. ఇంకా కొననంత వరకు అది మామూలు డబ్బే. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులేనని కూడా గుర్తుంచుకోండి. ఇంగ్లీషు తేదీ ప్రకారం లెక్కిస్తే జకాత్ ఆలస్యమవుతుంది.

రెండవది హజ్. హజ్ దరఖాస్తుల కాలం వచ్చేసరికి చేతిలో ప్రయాణానికి, అందాకా ఇంటివారి పోషణకు సరిపడా డబ్బు ఉండి, అంతవరకు హజ్ చేయనివానిపై హజ్ విధి అవుతుంది. నిత్యావసరం కాని కారు అప్పుడు సాకుగా పనికిరాదని హనఫీ ఫిఖ్‌హ్ నియమాలను బట్టి తెలుస్తుంది. వచ్చే ఏటి మోడల్ కోసం ఆగగలిగినవాడు అల్లాహ్ గృహానికి బయలుదేరడానికి తీరిక లేదనగలడా? వివరాలకు మీ దగ్గరి ముఫ్తీ సాబ్‌ను తప్పక సంప్రదించండి.

మూడవది అప్పులు. నికాహ్ నాడు ఒప్పుకుని ఇంతవరకు చెల్లించని మహర్ భార్యకు ఉన్న అప్పు. అబ్బాజాన్ మరణించాక పంచని పొలంలో అక్కచెల్లెళ్ళ వాటా వారి హక్కు. గల్ఫ్ ప్రయాణానికి బావగారు సర్దిన లక్ష రూపాయలు కూడా అంతే. ఇవన్నీ అలాగే ఉండగా ఏ మోడల్ కొన్నా, ఆ కారు ఇతరుల డబ్బు మీదనే నడుస్తుంది. తొందర సైతాను లక్షణమైనా, కొన్ని విషయాల్లో తొందర పడాలని హాతిం అసమ్ (రహ్మలై) వంటి పెద్దలు చెప్పారు. అతిథికి భోజనం, మృతుని ఖననం, ఈడొచ్చిన కూతురి వివాహం, అప్పు తీర్చడం, పాపానికి పశ్చాత్తాపం. చూశారా, ఈ జాబితాలో అప్పు తీర్చడం ఉంది, కారు కొనడం లేదు.

వడ్డీ, బుకింగ్, యానాం

డబ్బు సగమే ఉంది, మిగతాది బ్యాంకు ఇస్తుంది అంటారా? పది లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ళు తీసుకుంటే నెలకు సుమారు 20,758 రూపాయలు కట్టాలి. మొత్తం దాదాపు 12,45,500. ఆ రెండు లక్షల నలభై ఐదు వేలు అల్లాహ్ యుద్ధం ప్రకటించిన వడ్డీ సొమ్ము. విలాసం కోసం వడ్డీలో దిగడానికి ఏ ఫత్వా తోడురాదు. ఈ సందర్భంలో "ఆగనా?" అన్న ప్రశ్నకు జవాబు స్పష్టం: ఆగండి. మోడల్ కోసం కాదు, హలాల్ కోసం ఆగండి. ఆ ఆగడం సబ్ర్, దానికి పుణ్యం ఉంది.

బుకింగ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. తన దగ్గర లేని వస్తువును అమ్మవద్దని ప్రవక్త (సల్లం) హజ్రత్ హకీం బిన్ హిజాం (రజి)ని వారించారు. కంపెనీకి కొంత అడ్వాన్సు ఇచ్చి పేరు నమోదు చేసుకోవడం కొనుగోలుకు వాగ్దానం వంటిది. రకం, ధర, గడువు స్పష్టంగా ఉంటే తయారీ ఒప్పందం (ఇస్తిస్నా) రూపంలోనూ దానికి వీలుంది. అయితే గిరాకీ ఉన్న కారును బుక్ చేసి, బండి చేతికి రాకముందే ఆ బుకింగ్‌ను పైన లక్ష వేసుకుని వేరొకరికి అమ్మడం ధర్మసమ్మతం కాదు. వస్తువు స్వాధీనంలోకి రాకుండానే అమ్మకం లేదు.

మన ప్రాంతంలో మరో అలవాటుంది. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కనుక, అక్కడ పన్ను తక్కువ కనుక, అక్కడ నివసించకుండానే తప్పుడు చిరునామా పెట్టి "పి.వై.-04" నంబరు తెచ్చుకోవడం. నిజంగా యానాంలో ఉండేవారికి ఇది వర్తించదు. కానీ అమలాపురంలో ఉంటూ యానాంలో ఉన్నట్లు సంతకం చేసేవాడు అబద్ధపు సాక్ష్యం ఇస్తున్నాడు. కొత్త కారెక్కి ప్రయాణ దుఆ చదివేవాడు, దాని నంబరు పలకే ఒక అబద్ధమైతే ఏ ముఖంతో చదువుతాడు?

అన్నింటికంటే బాధాకరమైనది మరొకటి. కొందరు యువకులు "వచ్చే ఏడాది మోడల్ వచ్చేదాకా ఆగుదాం" అంటున్నది తమ డబ్బు కోసం కాదు, నిశ్చితార్థం కుదిరే దాకా! కట్నంగా మామగారిచేత కారు కొనిపించడం కోసం. వరుడు మహర్ ఇవ్వవలసిన ధర్మం మనది. ఆడపిల్ల తండ్రి పొలం అమ్మి తెచ్చిన కారు తాళాలు తీసుకునే చేయి పురుషుని చేయి కాదు. 1961 నుంచి దేశ చట్టం దృష్టిలో కూడా అది నేరమే. అమ్మీజాన్‌లారా! మీ అబ్బాయి నోరు తెరవకపోయినా మీరు అడగడం మానండి.

నిర్ణయం ఎలా తీసుకోవాలి?

ఈ పరీక్షలన్నీ దాటాక, డబ్బు హలాల్, అప్పు లేదు, జకాత్ ఇచ్చాను, హజ్ విధి నాపై మిగిలి లేదు, వాహనం నిజంగా అవసరం అని మనసు నిజాయితీగా చెబితే, అప్పుడు ఇప్పుడు కొన్నా, ఏడాది ఆగి కొన్నా రెండూ అనుమతించబడినవే. అప్పుడు రెండు పనులు చేయండి.

మొదటిది మష్వరా. విశ్వాసులు పరస్పర సంప్రదింపులతో వ్యవహారాలు నడుపుకుంటారని షూరా సూరా తెలుపుతుంది. షోరూం సేల్స్‌మెన్ ఒక్కణ్ణే కాదు, భార్యను, తండ్రిని, అనుభవం ఉన్న మెకానిక్‌ను కూడా అడగండి. ఇంటి ఇల్లాలికి పిల్లల ఫీజుల గడువు గుర్తుంటుంది, మీకు ఉండకపోవచ్చు.

రెండవది ఇస్తిఖారా. దివ్య ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా ప్రవక్త (సల్లం) తమకు ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి ఆ దుఆ చదవాలి. కలలో ఎర్ర కారు కనబడాలని ఎదురుచూడనక్కర లేదు. దుఆ చేసి, మీ శక్తి మేరకు ఆలోచించి అడుగు వేయండి. ఈ పని మేలైతే దారి సుగమం అవుతుంది, కీడైతే అల్లాహ్ దాన్ని మీ నుంచి, మిమ్మల్ని దాని నుంచి మళ్ళిస్తాడు. ఆ తర్వాత నెలకే కొత్త మోడల్ వచ్చినా, ధర తగ్గినా "అయ్యో, ఆగి ఉంటే" అని కుమిలిపోవద్దు. "అలా చేసి ఉంటే" అన్న మాట సైతానుకు తలుపు తెరుస్తుందని ప్రవక్త (సల్లం) బోధించారు.

ప్రియ సోదరులారా! మనం ఎక్కబోయే ఆఖరి వాహనానికి మోడల్ లేదు, బుకింగ్ లేదు, వాయిదా లేదు. నలుగురి భుజాలపై నడిచే ఆ జనాజాను వచ్చే ఏడాదికి జరపడం ఎవరి తరమూ కాదు. సాయంత్రమైతే ఉదయం కోసం ఎదురుచూడవద్దని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) హితవు పలికేవారు. కారు కోసం ఏడాది ఆగండి, ఫరవాలేదు. జకాత్ కోసం, మహర్ కోసం, చెల్లెలి వాటా కోసం రేపటి దాకా కూడా ఆగకండి.

ఓ అల్లాహ్! మాకు ధర్మసమ్మతమైన ఉపాధిని, దానిలో శుభాన్ని, ఉన్నదానితో తృప్తిని ప్రసాదించు. మా వాహనాలను మాకు పుణ్యంగా, రక్షణగా చేయి, భారంగా చేయకు. దారుల్లో మా పిల్లలను, ఇతరుల పిల్లలను కాపాడు. ఆమీన్.